ఒక్క మాట కోసం

‘మనిషి’ అంటే మన తెలుగువారికి ఆడా మగా ఇరువురూను. ఆంగ్లంలో అట్లు కాదు. మానవహక్కుల విశ్వప్రకటన ముసాయిదాలో మొదటి అధికరణం ‘మెన్’ అన్న శబ్దంతో ఉండినది. మానవులన్నది ఆ శబ్దానికి ఒక అర్థం, పురుషులన్నది మరొకటి.

ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘంలో భారత ప్రతినిధి హంసా మెహతా దీనిని ఆక్షేపించారు. వాడుకలో ఆ మాట ఉభయులకూ వర్తిస్తుందని అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్టు తొలుత సమాధానం చెప్పారు. వర్తింపజేయని దేశాలున్నవని హంసా మెహతా భయం. పదం మారింది. ‘హ్యూమన్ బీయింగ్స్’ అన్న మాటలతో ఆ ప్రకటన 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఆమోదం పొందింది. అనుకూలంగా 48 దేశాలు, తటస్థంగా 8. ప్రతికూలంగా ఒక్కటీ లేదు.

మాట మార్పే గదా అని నవ్వేవారుండవచ్చు. మన మాట మాత్రం అంత నిర్దుష్టమా? ‘మానవుడు’ అని వ్రాయగానే మన మనస్సుకు తోచేది పురుషుడే.

సమానహక్కుల గుర్తింపు ప్రపంచశాంతికి పునాది అని ఆ ప్రకటన పీఠికలోనే ఉన్నది. పారిస్ దూరం, బడి దగ్గర. 30 అధికరణాలూ కంఠస్థం చేయించి, సాయంకాలం చీపురు ఆడపిల్లల చేతికీ, గంట కొట్టే పని మగపిల్లలకూ అప్పగించే ఉపాధ్యాయునికి హంసా మెహతా ఆక్షేపణ ఇంకా చేరలేదన్నమాట. ఆయన చేయవలసినది పెద్దపని కాదు. వంతుల పట్టికను హాజరుపట్టీ వరుసనే వ్రాసి, గోడకు అంటించడమే.