కంప్యూటరు గుర్తించని డ్రైవు: తొందరపాటే అసలు ప్రమాదం

నికాహ్‌నామా, భూమి దస్తావేజు, పిల్లల సర్టిఫికెట్లు ఒకప్పుడు ఇనుప ట్రంకుపెట్టెలో ఉండేవి. నేడు వాటి నకళ్ళతోపాటు వలీమా వీడియోలు, హజ్ యాత్ర ఛాయాచిత్రాలు, కువైట్‌లోనో సౌదీలోనో పనిచేస్తున్న బిడ్డ పంపిన కబుర్లు, కన్నుమూసిన దాదీమా కంఠస్వరం కూడా అరచేతిలో ఇమిడే ఒక చిన్న నల్లని పెట్టెలోకి చేరిపోయాయి. అదే ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్. చాలా కాలంగా బీరువాలో ఉన్న ఆ డ్రైవును ఒకనాడు కంప్యూటరుకు తగిలిస్తే తెరమీద ఏమీ కనిపించకపోవచ్చు. లేదా, ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అనే సందేశం ప్రత్యక్షం కావచ్చు.

ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు లోపల దాచిన సమాచారం చెక్కుచెదరకుండానే ఉంటుంది. లోపం కేబుల్‌లోనో, విద్యుత్తు అందడంలోనో, కంప్యూటరు అమరికలోనో ఉంటుంది. ఆ తర్వాత కంగారులో నొక్కే ఒక్క బటన్ వల్ల అసలు నష్టం జరుగుతుంది. అందుచేత ఇటువంటి పరిస్థితిలో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో మనం ముందుగానే తెలుసుకొని ఉండటం అవసరం.

మొదటి నియమం: ఫార్మాట్ వద్దు

డ్రైవులో సమాచారంతోపాటు, ఏ ఫైలు ఎక్కడ ఉందో తెలిపే విషయసూచిక వంటిది కూడా ఉంటుంది. ఆ సూచిక దెబ్బతిన్నప్పుడు కంప్యూటరుకు డ్రైవు ఖాళీగా తోస్తుంది. ఫార్మాట్ చేయమని అడుగుతుంది. త్వరిత ఫార్మాట్ పాత సూచికను తొలగించి కొత్తది రాస్తుంది. పూర్తి ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా కాలం నుంచి, డ్రైవు అంతటా సున్నాలు నింపుకుంటూ పోతుంది. అలా నింపిన తర్వాత ఏ నిపుణుడూ ఆ సమాచారాన్ని తిరిగి తీయలేడు. కనుక ‘ఫార్మాట్’, ‘ఇనీషియలైజ్’ అనే మాటలు కనిపిస్తే ‘క్యాన్సిల్’ నొక్కి, డ్రైవును తీసి పక్కన పెట్టాలి. కొత్త ఫైలు ఒక్కటి కూడా దానిలోకి ఎక్కించరాదు.

చెవి పెట్టి వినండి

సాధారణ హార్డ్ డ్రైవులో అద్దంలా నున్నని పళ్ళేలు గిరగిర తిరుగుతుంటాయి. చాలా పోర్టబుల్ డ్రైవుల్లో వాటి వేగం నిమిషానికి 5400 చుట్లు. సమాచారాన్ని చదివే హెడ్ ఆ పళ్ళేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మనిషి వెంట్రుక మందమే వేల నానోమీటర్లలో ఉంటుంది కనుక, ఒక ధూళి రేణువు ఆ సందులో చేరినా ఎంత కీడు చేయగలదో ఊహించవచ్చు. ఇంట్లో డ్రైవు మూత విప్పకూడదనడానికి కారణం ఇదే.

తగిలించగానే సన్నని ఝుంకారం, చేతికి స్వల్పమైన కంపనం తెలిస్తే పళ్ళేలు తిరుగుతున్నట్టే. ఏ చప్పుడూ లేకపోతే ముందుగా కేబుల్‌ను, విద్యుత్తును అనుమానించాలి. ‘టిక్, టిక్’ మని ఒకే తీరుగా పదేపదే శబ్దం వస్తే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు మళ్ళీ మళ్ళీ తగిలించి చూడటం పుండును కెలకడమే. వెంటనే ఆపివేయాలి. డ్రైవును తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం వంటి చిట్కాలు ఉన్న ఆశను కూడా పోగొడతాయి.

కేబుల్, పోర్టు, విద్యుత్తు

శబ్దం బాగానే ఉన్నా, అసలు లేకపోయినా, మొదట కేబుల్ మార్చి చూడాలి. ఫోను ఛార్జర్లతో వచ్చే కొన్ని చౌక కేబుళ్ళలో విద్యుత్తు తీగలే ఉంటాయి, సమాచారాన్ని మోసే తీగలు ఉండవు. చూపుకు రెండూ ఒకటే. అందువల్ల డ్రైవుతోపాటు వచ్చిన కేబుల్‌నే, లేదా సమాచారం పంపుతుందని రూఢి అయిన మరొకదాన్ని వాడాలి.

తర్వాత పోర్టు. చిన్న డ్రైవులు తమకు కావలసిన విద్యుత్తును కంప్యూటరు నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ యాంపియర్లు ఇస్తుంది, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 ఇస్తుంది. పళ్ళేలు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ శక్తి కావాలి. అది చాలనప్పుడు డ్రైవు వెలిగి ఆరిపోతుంది, లేదా కీచుమంటుంది. ఒకే పోర్టును నాలుగుగా చీల్చే హబ్‌లను పక్కన పెట్టి నేరుగా కంప్యూటరుకే తగిలించాలి. డెస్క్‌టాప్ అయితే వెనుకవైపు పోర్టులు మేలు. పెద్ద డ్రైవులకు విడిగా అడాప్టరు ఉంటుంది. అది సాధారణంగా 12 వోల్టులది. పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరును దానికి తగిలిస్తే డ్రైవులోని సర్క్యూటు కాలిపోవచ్చు.

మా ఇందుకూరుపేట వంటి తీరప్రాంతాల్లో మరొక కారణాన్ని కూడా గమనించాలి. మైపాడు వైపు నుంచి వీచే గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. కిటికీల ఇనుప చువ్వలను తినివేసే ఆ ఉప్పే పోర్టుల్లోని సన్నని లోహపు పలకలపైనా పొరలా పేరుకుంటుంది. కేబుల్‌ను నాలుగైదుసార్లు మెల్లగా తీసి పెట్టడం, కేబుల్ కొసను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వడం వల్ల కొన్నిసార్లు పని సులువుగా తీరిపోతుంది.

వేరొక కంప్యూటరు ఏమంటుంది?

ఇంతవరకు ఫలితం లేకపోతే డ్రైవును మరో కంప్యూటరుకు తగిలించి చూడాలి. అక్కడ తెరుచుకుంటే లోపం మొదటి కంప్యూటరుదే. అలా తెరుచుకున్న వెంటనే ముఖ్యమైన ఫైళ్ళను మరొక చోటికి కాపీ చేసుకోవాలి. మరమ్మతు సంగతి ఆ తర్వాత.

రెండింటిలోనూ తెరుచుకోకపోతే, విండోస్‌లో కీబోర్డు మీది విండోస్ గుర్తును, ఎక్స్ అక్షరాన్ని కలిపి నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవాలి. డ్రైవు ‘హెల్దీ’ అని కనిపిస్తూ పక్కన అక్షరం లేకపోతే, దానిపై కుడి క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’ ద్వారా ఒక అక్షరం కేటాయిస్తే చాలు. ఇందువల్ల ఫైళ్ళకు ఏ హానీ లేదు. ‘రా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తే విషయసూచిక దెబ్బతిన్నదని, లేదా ఆ పద్ధతి విండోస్‌కు తెలియదని అర్థం. మ్యాక్ కంప్యూటరులో సిద్ధం చేసిన డ్రైవులను, కార్యక్రమాల రికార్డింగు కోసం కొన్ని టీవీలు తమ పద్ధతిలో మార్చుకున్న డ్రైవులను విండోస్ చదవలేదు. అవి పాడైనవి కావు. వాటిని సిద్ధం చేసిన యంత్రానికే తగిలించి చూడాలి.

‘చెక్ డిస్క్’ నడపమని తెలిసినవారు సలహా ఇస్తుంటారు. ఆ సాధనం సూచికను చక్కదిద్దడానికి ఉద్దేశించినది, మన ఫైళ్ళను కాపాడటానికి కాదు. చక్కదిద్దే క్రమంలో కొన్నింటిని తొలగించవచ్చు కూడా. కనుక కాపీ తీయకముందు దాని జోలికి పోకపోవడమే శ్రేయస్కరం. డ్రైవు చప్పుడు మామూలుగా ఉండి, సూచిక మాత్రమే చెడితే, ‘టెస్ట్‌డిస్క్’, ‘ఫోటోరెక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉపయోగపడతాయి. తిరిగి దొరికిన ఫైళ్ళను అదే డ్రైవులో కాక వేరే డ్రైవులో దాచాలి.

మరమ్మతుకు ఇచ్చే ముందు

డ్రైవు టిక్కుమంటున్నా, తడిసినా, కింద పడినా దాన్ని డేటా రికవరీ తెలిసిన నిపుణులకే అప్పగించాలి. అయితే ఆ డ్రైవులో మన ఇంటి స్త్రీల, పిల్లల చిత్రాలు ఉంటాయి. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. అది ఒక అమానతు. ఖర్చు ఎంత, ఫైళ్ళు దొరకకపోతే రుసుము ఉంటుందా, పని ముగిశాక తమ వద్ద ఉన్న నకళ్ళను తుడిచివేస్తారా అనే విషయాలు ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. వీలైతే ఇంటివారు ఒకరు దగ్గర ఉండాలి. బాగున్న డ్రైవుకు ఇప్పుడే సంకేతపదంతో తాళం వేసుకోవడం మరింత మంచిది. అయితే ఆ సంకేతపదాన్ని, దానితో వచ్చే రికవరీ కీని కాగితం మీద రాసి వేరేచోట దాచాలి. అవి రెండూ పోతే ఇంటివారికి కూడా తలుపు తెరుచుకోదు.

ఒక్క నకలు బ్యాకప్ కాదు

ఫోనులో జాగా చాలడం లేదని ఫోటోలన్నీ డ్రైవులోకి మార్చి, ఫోనులోవి తుడిచివేసేవారు ఎందరో ఉన్నారు. అప్పుడు డ్రైవులో ఉన్నది బ్యాకప్ కాదు, ఉన్న ఒకే ఒక్క ప్రతి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ మార్గం చూపుతుంది: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా.

ఆ ‘దూరంగా’ అనే మాట విలువ మా తీరవాసులకు బాగా తెలుసు. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు జిల్లాను అతలాకుతలం చేసింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఈ జిల్లాలోనూ కుండపోత వానలు కురిపించింది. ఇంట్లోకి నీరు వస్తే కంప్యూటరు, దాని పక్క బీరువాలోని డ్రైవు కలిసే మునుగుతాయి. అందువల్ల ఒక ప్రతి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న తోబుట్టువుల ఇంట్లో, లేదా ఆన్‌లైన్ నిల్వలో ఉండాలి. ధ్రువపత్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజిలాకర్ ఉండనే ఉంది.

ఇంట్లో ఉంచే డ్రైవును గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, నేలకు ఎత్తులో ఉంచాలి. ఆరు నెలలకొకసారి తీసి, తగిలించి, నాలుగైదు ఫైళ్ళు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. షాబాన్‌లో ఒకసారి, సఫర్‌లో ఒకసారి అని పెట్టుకుంటే గుర్తుంటుంది. పెన్ డ్రైవులు, ఎస్‌ఎస్‌డీలు ఏళ్ళ తరబడి విద్యుత్తు అందకుండా పడి ఉంటే వాటిలోని సమాచారం క్షీణించే అవకాశం ఉంది కనుక వాటికి ఈ పరీక్ష మరీ అవసరం.

పాఠకులు ఈ వారాంతంలోనే ఒక గంట కేటాయించి రెండో ప్రతి సిద్ధం చేసుకోవాలని మా మనవి. డ్రైవు నేడు బాగా పనిచేస్తున్నదంటే, కాపీ తీసుకోవడానికి ఇంకా వ్యవధి ఉన్నదని మాత్రమే అర్థం.