మొదటి సిగరెట్టు ఎవరిస్తారు?

కర్ణాటకలో 21 ఏళ్లు నిండనివారికి సిగరెట్లు అమ్మకూడదు. 2024లో శాసనసభ చేసిన సవరణకు 2025లో రాష్ట్రపతి ఆమోదం లభించింది. విడి సిగరెట్ల అమ్మకమూ నేరమే. పావగడ తాలూకా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని మడకశిర వైపు సరిహద్దు దాటితే మాత్రం 2003 నాటి కేంద్ర చట్టమే దిక్కు. అక్కడ 18 నిండితే చాలు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం చదివిన పావగడ పిల్లలు పై చదువులకు తుమకూరు, బెంగళూరు, అనంతపురం వెళ్తుంటారు. ఏ ఊళ్లో చేరినా, వాళ్లకు సిగరెట్టు అలవాటు కావడంలో బంకువాడి కంటే హాస్టల్లో పక్క మంచం వాడిదే పెద్ద పాత్ర అని నా అభిప్రాయం. మొదటి దమ్ముకు చాలామందికి గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది. అయినా రెండోది ముట్టిస్తున్నారంటే అది రుచి కోసం కాదు, నలుగురిలో ఒకడిగా నిలబడటం కోసం. నికోటిన్ పట్టు ఆ తర్వాతి సంగతి. 2016–17 జాతీయ సర్వేలో పొగాకు వాడకం మొదలైన సగటు వయసు 18.9 ఏళ్లని తేలింది. ఇల్లు వదిలి హాస్టల్లో చేరే వయసు అదే.

స్నేహితులు నేర్పరు, తాగాలనుకున్నవాళ్లే ఒకచోట చేరతారని కొందరంటారు. అందులో కొంత నిజముంది. కానీ అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 1971 నుంచి 2003 దాకా 12,067 మందిని గమనించిన పరిశోధకులకు, ఒకరు మానేస్తే వారి స్నేహితుడు పొగ తాగే అవకాశం 36 శాతం తగ్గినట్టు కనిపించింది. గుంపులు గుంపులుగా మానేశారు. జట్టు కట్టడమే మొత్తం కారణమైతే మానడం ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకదు. పెద్దవాళ్లయ్యారు, వాళ్లిష్టం అనేది మరో మాట. ఇష్టమనాలంటే ఎందరు తాగుతున్నారో లెక్కయినా సరిగా తెలియాలి కదా! టీ కొట్టు దగ్గర తాగేవాళ్లే కంటపడతారు, తాగనివాళ్లు లెక్కలోకే రారు. దాంతో అందరూ తాగుతున్నారనిపిస్తుంది. నిజానికి పైన చెప్పిన 2016–17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పొగ తాగే మగవాళ్లు 19 శాతమే.

కాబట్టి గోడకు పుర్రె బొమ్మ అంటించి ఊరుకుంటే సరిపోదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ లెక్క మొదటి వారంలోనే చెప్పాలి, అదీ పొగ తాగని సీనియర్ల నోట చెప్పించాలి. మానాలనుకునే జట్టు కలిసే మానాలి. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం; తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు.