పెళ్ళిపద్దు – మన సాహిత్యం

పెళ్ళి ఖర్చు అనగానే రచయితకు కట్నం గుర్తొస్తుంది. సంస్కర్తకు పురోహితుడు గుర్తొస్తాడు. పొదుపు చెప్పేవాళ్ళకు పందిరీ, విస్తళ్ళూ గుర్తొస్తాయి. ఈ మూడూ ఒకే పద్దులోని మూడు పుటలు. ఏ పుటలో తగ్గిస్తే ఎవరికి మిగులుతుందన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అందులో సొమ్ము వరుడి వైపు నుంచి పిల్ల తండ్రికి చేరుతుంది. 1920లలో వచ్చిన కాళ్ళకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో పిల్ల తండ్రి పురుషోత్తమరావు భూమి అమ్మి కట్నం సమకూరుస్తాడు, కాళింది ప్రాణం తీసుకుంటుంది. మూడు దశాబ్దాలలో సొమ్ము ప్రవాహం ఎదురు తిరిగింది. పిల్ల స్థితి మాత్రం మారలేదు. అప్పుడు తండ్రి అమ్మాడు, ఇప్పుడు తండ్రే ఎదురిచ్చి పంపాడు. బేరాన్ని బట్టబయలు చేయడంలోనే ఈ రెండు నాటకాల శక్తి ఉంది.

సంస్కర్తలు మరో పుట తెరిచారు. కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి (1887–1943) ‘వివాహవిధి’ రచించి, తెలుగులోనే పెళ్ళిళ్ళు జరిపించారు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు, పెళ్ళి పుట్టుపూర్వోత్తరాలపై పుస్తకమే రాశారు. తంతు దైవదత్తం కాదని, మనుషులు కల్పించుకున్నదేనని ఇలా తేటతెల్లమైంది. ఇది పెద్ద విజయం. అయితే తంతు ఖర్చు పద్దులో చిన్న అంకె. పురోహితుణ్ణి మానేసి, దండలు మార్చుకుని, తెరవెనుక కట్నం లెక్కపెట్టుకున్న పెళ్ళి అభ్యుదయ వివాహం కాజాలదు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ నేరమని 1961 చట్టం చెబుతూనే ఉంది. లాంఛనమన్న పేరుతో బేరమూ సాగుతూనే ఉంది.

ఇక నూజివీడు వైపు చూద్దాం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో మామిడి చలికాలంలో పూతకొస్తుంది. కాయ వేసవిలో తెగుతుంది. పెళ్ళి ముహూర్తాలు మాఘంలోనే మొదలవుతాయి. అంటే రైతుకు డబ్బు కావలసింది చెట్టు మీద పూత ఉన్నప్పుడు. అప్పుడతను పూత మీదే తోటను వ్యాపారికి అమ్మేస్తాడు, లేదా కాయ తనకే వేయాలన్న షరతుతో అతని దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. తేనెమంచు పురుగు, గాలిదుమారం, ధర పడిపోవడం – ఈ భయాలన్నిటికీ వ్యాపారి ముందే ధర తగ్గిస్తాడు. అలా పోయిన సొమ్ము ఏ పెళ్ళిపద్దులోనూ కనబడదు. పందిరి ఖర్చు రాస్తారు, వంటవాళ్ళ కూలి రాస్తారు. పూతకూ కాయకూ మధ్య జారిపోయినదాన్ని ఎవరూ రాయరు.

కాబట్టి మామిడి రైతు ఇంట మొదటి పొదుపు తేదీలో ఉంది: కాయ తెగి డబ్బు చేతికొచ్చాకే పెళ్ళి. రెండవది, ఖర్చు రెండు వైపులా సగం సగం. ఒకరు నిర్ణయించి మరొకరు చెల్లించే చోట పొదుపు పుట్టదు. తన సగం తాను పెట్టుకోవలసినవాడు మండపం స్థాయి తానే తగ్గించుకుంటాడు. మూడవది చట్టం. హిందూ వివాహ చట్టం కింద తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తంతు వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు చాలు. ఒకే మతం వాళ్ళకూ అది వర్తిస్తుంది.

తగ్గించకూడనివీ ఉన్నాయి. కట్నం దగ్గర నోరెత్తనివాళ్ళు సన్నాయి మేళం దగ్గర, పందిరి కూలీల దగ్గర గీచి గీచి బేరమాడతారు. పైవాడికి చెల్లించి కిందివాడి దగ్గర మిగుల్చుకోవడం పొదుపు కాదు. ఆ మనస్తత్వం వెనుక ఉన్నది వర్గ స్వభావమే. ఊరివాళ్ళకు పెట్టే పూట భోజనాన్నీ దుబారా జాబితాలో చేర్చనక్కరలేదు. మామిడాకు తోరణమూ, ఇంటి ముందు తాటాకు పందిరీ, పప్పూ, మామిడికాయ పులిహోరా రైతు నడుం విరచలేదు.

మన కథల్లో పెళ్ళి చాలాసార్లు అప్పగింతలతో ముగుస్తుంది, లేదా కట్నపు చావుతో ముగుస్తుంది. ఈ రెంటికీ నడుమ, ఎవరూ చావని, ఎవరూ ఏడవని ఇళ్ళు వేలున్నాయి. అక్కడ వచ్చే ఏటి కాపు కూడా ముందే అమ్ముడుపోయి ఉంటుంది. చిన్నపిల్ల చదువు ఆగి ఉంటుంది. వాస్తవికతను వస్తువుగా ఎంచుకున్న యువరచయితలు ఆ ఇళ్ళలోకి వెళ్ళాలి. పెళ్ళినాటి పద్దుతో పాటు ఆ తరువాతి మూడేళ్ళ పద్దు కూడా అడిగి చూడాలి. కథ అక్కడ ఉంది.