అంగుళంలో ఆరడుగులు: ప్లాస్టిక్ నమూనా విమానాల నిర్మాణం

తిరునాళ్లలో దొరికే ప్లాస్టిక్ విమానం బొమ్మకూ, ఒక్కొక్క భాగం అతికి తయారుచేసిన నమూనా విమానానికీ పైకి పెద్ద తేడా కనిపించదు. రెండూ ప్లాస్టిక్‌తో చేసినవే. రెండూ ఎగరవు. అయితే బొమ్మ చేసినవారు విమానం పోలిక వస్తే చాలుననుకుంటారు. నమూనాలో ముక్కు నుంచి తోక వరకు ప్రతి భాగమూ అసలు విమానపు కొలతను ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసినదై ఉంటుంది. ఆ నిష్పత్తికి కట్టుబడి ఉండటమే ఈ వ్యాపకానికి ప్రాణం. ఇది పిల్లల ఆటగా మొదలై, పెద్దల చేత కూడా గంటల తరబడి ఓపికగా పనిచేయించే కళగా ఎదిగింది.

కొలతే మూలం

నమూనా విమానాలలో ఎక్కువ ప్రచారం పొందిన నిష్పత్తి 1/72. అంటే అసలు విమానంలో 72 అంగుళాలు, అనగా ఆరడుగులు, నమూనాలో ఒక్క అంగుళమవుతుంది. 1/48 నిష్పత్తిలో అంగుళానికి నాలుగడుగులు, 1/144లో అంగుళానికి పన్నెండడుగులు లెక్క.

బెంగళూరులోని హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ లైసెన్సుపై నిర్మించిన నాట్ యుద్ధవిమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. నాట్ అంటే దోమ వంటి చిన్న పురుగు. పేరుకు తగ్గట్టే అది చిన్న విమానం. రెక్కల కొస నుంచి కొసకు 6.73 మీటర్లు, పొడవు 8.74 మీటర్లు. 1/72లో చేస్తే రెక్కల వెడల్పు సుమారు 9.3 సెంటీమీటర్లు, పొడవు 12 సెంటీమీటర్లు అవుతుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. విశాఖపట్నం సముద్రతీరంలో ప్రదర్శనశాలగా మారిన నౌకాదళపు టీయూ-142 విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు. అదే నిష్పత్తిలో దాని నమూనాకు దాదాపు 70 సెంటీమీటర్ల చోటు కావాలి. రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఎంతటిదో పుస్తకం చదవకుండానే పిల్లలకు బోధపడుతుంది.

ఈ లెక్కకు మరో వైపు కూడా ఉంది. నమూనాలో జరిగిన ప్రతి పొరపాటూ 72 రెట్లు పెరిగి కనిపిస్తుంది. రెక్క అతికిన చోట అర మిల్లీమీటరు సందు మిగిలితే, అసలు విమానంలో అది మూడున్నర సెంటీమీటర్లకు పైబడిన చీలికతో సమానం. అటువంటి విమానం నేల విడిచి లేవదు. రంగు పదో వంతు మిల్లీమీటరు మందాన పడితే, అసలు విమానానికి ఏడు మిల్లీమీటర్ల పూత పూసినట్లు. ఈ పనిలో ఓపిక ఎందుకు కావాలో ఈ లెక్కే చెబుతుంది.

కొయ్య నుంచి ప్లాస్టిక్‌కు

ఈ వ్యాపకం రూపుదిద్దుకున్నది బ్రిటన్‌లో. 1932లో స్కైబర్డ్స్ పేరిట 1/72 నిష్పత్తిలో కొయ్య నమూనాల సామగ్రి అమ్మకానికి వచ్చింది. 1936లో ఫ్రాగ్ సంస్థ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ భాగాల పెట్టెలను విడుదల చేసింది. నాటి ప్లాస్టిక్ సెల్యులోజ్ ఎసిటేట్. కాలక్రమంలో అది వంకరపోయేది. తరువాత దాని స్థానంలో పాలిస్టైరీన్ వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ నమూనాలు ప్రాణాలతో ముడిపడిన పనికి ఉపయోగపడ్డాయి. ఆకాశంలో వస్తున్న విమానం తమదో శత్రువుదో క్షణాల్లో గుర్తించలేకపోతే, సైనికులు తమవారినే కూల్చే ప్రమాదం ఉండేది. అందుకని 1942లో అమెరికా నౌకాదళం శిక్షణ కోసం 5 లక్షల నమూనా విమానాలు చేసి ఇవ్వవలసిందిగా పాఠశాలలను కోరింది. విద్యార్థులు కొయ్యను చెక్కి, 1/72 నిష్పత్తిలో నమూనాలు చేసి నల్లరంగు వేశారు. అటువంటి నమూనాను 35 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 2,520 అడుగుల నుంచి, అంటే దాదాపు అర మైలు దూరం నుంచి చూసినట్లుంటుంది. కొలత తప్పితే శిక్షణే తప్పుదారి పడుతుంది. కనుక పిల్లలు చేసిన నమూనాలను కొలత సరిచూశాకే స్వీకరించేవారు.

యుద్ధానంతరం పాలిస్టైరీన్ చౌకగా లభించసాగింది. 1939లో నికొలస్ కోవ్ లండన్‌లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ, 1953లో స్పిట్‌ఫైర్ విమానపు భాగాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మింది. సామాన్య కుటుంబాల పిల్లలకు ఈ వ్యాపకం అందుబాటులోకి వచ్చింది అప్పుడే. జపానులోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా సంస్థ, తొలుత కొయ్య నమూనాలు చేసి, 1960లో ప్లాస్టిక్‌లో అడుగుపెట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

పెట్టెలో ఏముంటుంది?

కరిగించిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులలోకి అధిక పీడనంతో నెట్టి భాగాలను పోతపోస్తారు. పెట్టె తెరిస్తే ఆ భాగాలు చిక్కుడు పందిరికి కాయలు వేలాడినట్లు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. ప్రతి భాగం పక్కన ఒక అంకె ఉంటుంది. వీటితోపాటు పైలట్ కూర్చునే చోటుకు పారదర్శకమైన కప్పు, విమానంపై అతికించే గుర్తుల కాగితం, క్రమం తెలిపే పత్రం ఉంటాయి.

ఆ పత్రంలో మాటలు తక్కువ, బొమ్మలూ అంకెలూ బాణపు గుర్తులూ ఎక్కువ. ఏ అంకె గల భాగం ఏ అంకె గల భాగంతో కలుస్తుందో చూసి గ్రహించవచ్చు. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇదొక సౌకర్యం. తాతగారు తెలుగు మాత్రమే చదవగలిగి, మనుమడు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుతున్న ఇళ్లు సరిహద్దు పొడవునా ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంట్లో కూడా ఇద్దరూ ఒకే పత్రాన్ని ముందుంచుకుని సమానంగా పనిచేయగలరు.

అతికే పని

భాగాలను చట్రం నుంచి చేత్తో విరవకూడదు. చిన్న కట్టర్‌తో భాగానికి కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొటిమను సన్నని ఉప్పుకాగితంతో అరగదీయాలి. కాగితాన్ని నీటిలో తడిపి రుద్దితే దుమ్ము లేవదు, గీతలు పడవు.

జిగురు పూయకముందే భాగాలను ఒకదానితో ఒకటి ఆనించి చూడటం తప్పనిసరి. ఈ పనికి వాడే జిగురు సాధారణమైన గోందు వంటిది కాదు. అది పాలిస్టైరీన్ అంచులను స్వల్పంగా కరిగిస్తుంది. కరిగిన రెండు అంచులూ కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్కగా గట్టిపడతాయి. ఒకసారి అతికాక విడదీయడం కష్టం. జిగురు ఎక్కువైతే భాగమే కరిగి రూపు చెడుతుంది. పారదర్శకమైన కప్పుకు మాత్రం తెల్లని నీటి జిగురు మేలు. తక్షణం అంటుకునే సూపర్ గ్లూ ఆవిరి తగిలితే కప్పు మసకబారుతుంది.

ముందుగా పైలట్ ఆసనం, దాని ఎదుటి పరికరాల పలక వంటి లోపలి భాగాలకు రంగు వేయాలి. విమానపు రెండు సగాలనూ మూసివేశాక అక్కడికి కుంచె చేరదు. నాట్ వంటి విమానానికి ముక్కు కింద ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు ఉంటాయి. నమూనా తోక మీద కూలబడకుండా ముక్కు లోపల బరువు పెట్టి మూయాలి. సైకిల్ చక్రంలో వాడే ఇనుప గోళీలు ఇందుకు చక్కగా సరిపోతాయి. నాట్ రెక్కలు కొద్దిగా కిందికి వాలి ఉంటాయి. జిగురు ఆరేలోపు రెండు వైపులా ఆ వాలు సమానంగా ఉందో లేదో ఎదురుగా కళ్లు పెట్టి చూడాలి.

అతుకుల దగ్గర మిగిలిన సందులను పుట్టీతో నింపి, ఆరాక అరగదీస్తారు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకులు కనబడకుండా నునుపు చేసి, ఆపై రంగు వేస్తారు. పదార్థాలు వేరు, క్రమం ఒక్కటే.

రంగులు, గుర్తులు

రంగు వేసేముందు నమూనాను సబ్బునీటితో కడిగి ఆరనివ్వాలి. వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. ఆపైన ప్రైమర్ పలుచగా వేస్తే అతుకులలోని లోపాలు బయటపడతాయి. వాటిని దిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం.

రంగులలో నీటితో పలుచన చేసే ఆక్రిలిక్, థిన్నర్‌తో పలుచన చేసే ఎనామెల్ అని ముఖ్యంగా రెండు రకాలు. కొత్తవారికి ఆక్రిలిక్ అనుకూలం. ఒకేసారి దట్టంగా పూయకుండా రెండు మూడు పలుచని పూతలు వేయాలి. మొదటి పూత పూర్తిగా ఆరాక, రెండో పూతను మొదటిదానికి అడ్డంగా నడిపితే కుంచె చారలు మాయమవుతాయి. లేతరంగు ముందు, ముదురురంగు తరువాత. రెండు రంగుల మధ్య గీత తిన్నగా రావాలంటే మాస్కింగ్ టేప్ అంచును గోటితో గట్టిగా నొక్కాలి. అనుభవం వచ్చాక గాలి పీడనంతో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొనవచ్చు. ఆరంభంలో మంచి కుంచెలు రెండు చాలు. వానాకాలపు తేమలో రంగు నిదానంగా ఆరుతుంది, కొన్ని రంగులు తెల్లబారుతాయి. పొడి వాతావరణమే మంచిది.

గుర్తుల కాగితం నుంచి ఒక్కొక్క గుర్తును కత్తిరించి కొన్ని క్షణాలు నీటిలో ఉంచితే, అది కాగితం మీద జారుతుంది. దానిని పట్టకారుతో నమూనా మీదికి జరిపి, తడిని మెత్తని గుడ్డతో అద్దాలి. మెరుపులేని గరుకు రంగుపై అతికితే కింద గాలి చిక్కుకుని వెండిపొరలా కనిపిస్తుంది. అందుకని ముందు మెరుపు వార్నిష్, గుర్తులు అతికాక కావలసిన ముగింపు పూత వేస్తారు. భారత వాయుసేన గుర్తులో కాషాయం వెలుపల, తెలుపు నడుమ, ఆకుపచ్చ మధ్యలో ఉంటాయి. వరుస తారుమారైతే ఎంత బాగా కుదిరిన నమూనా అయినా తప్పుల పట్టికలో చేరుతుంది.

ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు

జిగురు, థిన్నర్‌ల ఆవిరి పీల్చితే తలనొప్పి, కళ్లు తిరగడం కలుగుతాయి. కనుక కిటికీలు తెరిచి, గాలి ఆడే చోట పని చేయాలి. ఇవి మండే స్వభావం కలవి. పొయ్యి, దీపం, అగరువత్తి దగ్గర సీసా మూత తీయకూడదు. థిన్నర్‌ను మంచినీటి సీసాలలోకి, శీతలపానీయాల సీసాలలోకి ఎన్నడూ మార్చకూడదు. పసివారు మంచినీళ్లనుకుని తాగితే ప్రాణాపాయం. చిన్న భాగాలు పసివారి నోట పడకుండా చూడాలి. బ్లేడును శరీరానికి అవతలి వైపునకే నడపాలి. పదేళ్ల లోపు పిల్లల చేత పెద్దల సమక్షంలోనే పని చేయించాలి. పూర్తయిన నమూనాను ఎండ పడే చోట, కాగే రేకుల కప్పు కింద ఉంచితే సన్నని భాగాలు వంగిపోతాయి, రంగు వెలిసిపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పెట్టెలు చాలావరకు దిగుమతి అయ్యేవే కాబట్టి ధర కొంత ఎక్కువగానే ఉంటుంది. మొదటిసారి వందలాది భాగాలున్న పెద్ద పెట్టె కొని, సగంలో వదిలేసేవారు ఎందరో. ముప్పై నలభై భాగాలున్న 1/72 ఒంటి ఇంజను విమానం, ఒక కట్టర్, ఉప్పుకాగితం, జిగురు, నాలుగైదు రంగులు ఉంటే ఆరంభానికి సరిపోతుంది. వారానికి రెండు గంటల చొప్పున పని చేసినా నెలా రెండు నెలల్లో పూర్తవుతుంది.

అసలు విమానాన్ని కళ్లారా చూసి నమూనా చేస్తే ఆ అనుభవమే వేరు. కోలారు, చిక్కబళ్లాపురం ప్రాంతాల తెలుగువారికి బెంగళూరులోని హెచ్.ఏ.ఎల్. విమాన ప్రదర్శనశాల దగ్గర. 2001లో ప్రారంభమైన ఈ ప్రదర్శనశాలలో మరుత్ విమానాన్ని చూడవచ్చు. భారతదేశంలో రూపుదిద్దుకున్న తొలి జెట్ యుద్ధవిమానం అదే. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో రూపొంది, 1961 జూన్ 17న సురంజన్ దాస్ చోదకత్వంలో తొలిసారి గాలిలోకి లేచింది. ఒడిశా సరిహద్దు కుటుంబాలకు విశాఖపట్నం టీయూ-142 ప్రదర్శనశాల అందుబాటులో ఉంటుంది. అక్కడ తీసిన ఫోటోలు, చక్రాల పరిమాణం, తలుపుల అమరిక గురించి రాసుకున్న వివరాలు ఇంట్లో పనికి దారి చూపుతాయి.

నమూనా చేసేవారు ఆ విమానం చరిత్రనూ తెలుసుకోక తప్పదు. నాట్‌ను అతుకుతున్న విద్యార్థి 1971 డిసెంబరు 14న శ్రీనగర్ గగనతలంలో అదే రకం విమానంలో పోరాడి అసువులు బాసిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖాన్ పేరు తప్పక వింటాడు. వాయుసేనలో పరమవీర చక్ర పొందినది ఆయన ఒక్కరే. అంత చిన్న విమానంలో కూర్చుని పోరాడటమంటే ఏమిటో, ఆ ఇరుకు ఆసనానికి స్వయంగా రంగు వేసిన పిల్లవాడికి అర్థమైనంతగా మరొకరికి అర్థం కాకపోవచ్చు.

"ఈ ప్లాస్టిక్ ముక్కలతో ఏం ప్రయోజనం?" అని ఇంటి పెద్దలు అడగడం సహజమే. దీనివల్ల ఆదాయం రాదు, మార్కులు పెరగవు. కానీ నిష్పత్తి లెక్క చేతికి వస్తుంది, ఆరనిదే ముట్టుకోకూడదన్న నిగ్రహం అలవడుతుంది, తప్పు దొరికినప్పుడు దాచకుండా దిద్దుకునే అలవాటు కలుగుతుంది. ఇవి చాలుననుకునే కుటుంబాలు మొదటి పెట్టెను నిస్సందేహంగా కొనవచ్చు.