రాతిమీది అడుగులు – మన నోటి మాటలు



వేసవి సెలవులలో మా సికింద్రాబాదు సంఘపు సండేస్కూలు పిల్లలను హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియమునకు తీసుకొని వెళ్లాము. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరము మన తెలుగు నేలదే. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ ఎముకలకు 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి గారు ఆ పేరు పెట్టారు. అది ఆకులు మేసే జంతువు.

ఒక బాలుడు మా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మాంసము తినే రాక్షసబల్లి అడుగుల పక్కనే మనిషి అడుగులు కూడా రాతిలో ఉన్నాయని మీరు ప్రసంగములో చెప్పారు గదా, అవి ఎక్కడున్నాయి?" అని అడిగాడు. మాకు నోట మాట రాలేదు. ఎప్పుడో ఒక కరపత్రములో చదివినదానిని విచారించకుండానే పుల్పిట్ మీద చెప్పాము. ఇంటికి వచ్చి వెదకి చదివాము.

ఆ అడుగులు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో, గ్లెన్ రోజ్ అను ఊరి దగ్గర పలక్సీ నది అడుగు రాతిలో ఉన్నాయి. చెరువు ఎండునప్పుడు బురదలో దిగిన గేదెల గిట్టల గుర్తులు గట్టిపడునట్లే, సముద్రపు ఒడ్డు బురదలో పడిన అడుగులు గట్టిపడి, వాటిమీద వేరే మట్టి పేరుకొని, రాయిగా మారాయి. అవి సుమారు 11 కోట్ల సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞుల లెక్క. మూడు వేళ్లు గలవి పెద్ద మాంసాహారివి. ఆక్రోకాంథోసారస్ అను జంతువువి కావచ్చునని తలంచుచున్నారు. గుండ్రని పెద్ద గుంటలు శాకాహారులవి. 1938లో న్యూయార్కు మ్యూజియము నుండి రోలాండ్ బర్డ్ వచ్చి వీటిని పరిశీలించాడు. 2022లో కరవు వచ్చి నది ఎండగా మరికొన్ని బయటపడ్డాయి.

మరి మనిషి అడుగులు? 1930లలో జనులకు పనులు లేని కాలమున కొందరు రాళ్లమీద పాదములు చెక్కి అమ్ముకున్నారు. నదిలో ఉన్నవాటి సంగతి వేరు. ఆ జంతువు మడమ ఆనించి నడిచినచోట అడుగు పొడవుగా పడింది. వేళ్ల గుంటలలో మట్టి నిండిపోగా, మిగిలినది మనిషి పాదమువలె కనబడింది. ఈ సంగతి తేలిన తరువాత, వాటిని సాక్ష్యముగా చూపిన క్రైస్తవులలో ఒకరైన జాన్ మోరిస్ గారే, 1986లో, ఇకమీదట వాటిని రుజువుగా వాడరాదని వ్రాశారు. వాటిని గూర్చి తీసిన సినిమాను కూడా ఉపసంహరించుకున్నారు.

భూమి వయస్సును గూర్చి విశ్వాసులలో భిన్నాభిప్రాయములున్నాయి. అబద్ధమును గూర్చి మాత్రము రెండు అభిప్రాయములు లేవు. దేవుని పక్షమున మాటలాడుచున్నామనుకొని న్యాయము తప్పిన స్నేహితులను యోబు గద్దించాడు (యోబు 13:7). ఆ బాలుడు రేపు కాలేజీకి వెళ్లి ఈ సంగతి చదివితే, ఖాళీ సమాధిని గూర్చి మేము చెప్పినది కూడా ఇలాంటిదేననుకోడా?

మరుసటి ఆదివారము సంఘము ఎదుట నిలబడి మా తప్పు ఒప్పుకున్నాము. "ఎందుకయ్యగారూ, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు ఒక పెద్దాయన. "అడిగిన పిల్లవానికి తెలుసు గదండీ" అన్నాము.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ప్రశ్న అడిగితే గద్దించకండి. తెలియనిది తెలియదని చెప్పండి. సత్యమైయున్న మన ప్రభువుకు మన అబద్ధముల ఆసరా అక్కరలేదు. ఆయన మన నాలుకలను కాపాడును గాక. ఆమేన్.