ఆటకు తెలుగు మాటలు: పోటీకి ముందు కొంత సాధన

వీడియో గేములు ఆడే పిల్లలను పెద్దలు కోప్పడని ఊరు లేదు. అయితే ఆ ఆటల్లోని మాటలను ఒక భాష నుంచి మరో భాషలోకి మార్చడం నేడొక వృత్తి. దానికి పోటీలూ ఉన్నాయి. 2014లో మొదలైన 'లోక్‌జామ్' అటువంటిదే. దానికి ప్రవేశ రుసుము లేదు. ఇంటి నుంచే పాల్గొనవచ్చు. ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా వచ్చిన మన యువతీ యువకులు ఇటువంటి పోటీలకు సాధన చేయడం మంచిది. ఏ భాషలకు అవకాశం ఉన్నదో ముందుగా నిబంధనల్లో చూసుకోవాలి.

ముందు ఆట ఆడాలి

అనువదించవలసిన వాక్యాలు తరచు విడివిడిగా, ఒక పట్టికలో వస్తాయి. ఏ మాట ఎక్కడ కనిపిస్తుందో ఆడితేనే తెలుస్తుంది. 'సేవ్' అన్న మాటను 'రక్షించు' అని రాస్తే ఎవరినో కాపాడాలి కాబోలని ఆడేవారు వెదుకుతారు. అక్కడ అర్థం ఆటను ఆడినంతవరకు దాచమని.

ఖాళీలతో తంటా

కొన్ని వాక్యాల్లో పేరు ఉండవలసిన చోట ఖాళీ ఉంటుంది. దానిని యంత్రం నింపుతుంది. 'వచ్చాడు' అని రాస్తే సీతకు కుదరదు. 'వచ్చారు' అంటే రాముడికీ సీతకూ సరిపోతుంది గాని, పులి వస్తే నవ్వులపాలే! ఖాళీ పక్కన 'ను' చేర్చితే 'గుర్రంను' అని పడుతుంది. మనం 'గుర్రాన్ని' అంటాం కదా. 'దొరికిన వస్తువు:' అని రాసి ఆపైన ఖాళీ వదిలితే కత్తి అయినా గుర్రమైనా ఇబ్బంది లేదు.

చోటు తక్కువ

లూకస్ పోప్ 2012లో చేసిన 'ది రిపబ్లియా టైమ్స్' అనే ఆటను లోక్‌జామ్‌లో అనువాదానికి ఇచ్చారు. అందులో ఆడేవారే ప్రభుత్వ పత్రికకు సంపాదకులు. ఏ వార్త వేయాలో, ఎంత పెద్దగా వేయాలో నిర్ణయించాలి. అటువంటి ఆటలో శీర్షిక పొట్టిగా ఉండాలి, వార్తలోని వ్యంగ్యం పోకూడదు. తెలుగులో ఒత్తులు అక్షరం కిందకు దిగుతాయి కనుక వరుసల మధ్య అవి తెగిపోకుండా చూసుకోవాలి.

చివరి పరీక్ష ఇంట్లోనే

అనువాదం ముగిశాక ఇంగ్లీషు రాని తమ్ముడికో చెల్లెలికో ఆట ఇచ్చి పక్కన కూర్చోండి. నోరు విప్పకండి. ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో అక్కడ వాక్యం మార్చాలి. బహుమతి వచ్చినా రాకున్నా ఈ సాధన వృథా పోదు. మన పిల్లలు ఆడే ఆటలో మన ఇంటి తెలుగు వినిపించాలంటే, ఆ మాట రాసేవారు మనలోనుంచే రావాలి.