గ్రాఫైట్ పొరల్లో క్లోరైడ్ కాపురం

పెన్సిల్‌తో గీత పడుతోందంటే అందులోని గ్రాఫైట్ పొరలు పొరలుగా ఊడి కాగితానికి అంటుకుంటున్నాయన్నమాట. ఒకే పొరలోని కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య పట్టు మాత్రం అంతంతే, తమలపాకుల దొంతరలాగా. ఆ పొరల మధ్య ఎడం 0.335 నానోమీటర్లు. అంత ఇరుకు సందులోకి కూడా వేరే పదార్థాలు దూరతాయి.

మొదట దూరింది ఆమ్లం. 1840 ప్రాంతంలో షాఫ్‌హాయిటల్ అనే జర్మన్ శాస్త్రవేత్త గ్రాఫైట్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే అది ఉబ్బింది. లోహ క్లోరైడ్ల వంతు వచ్చేసరికి 1930లు వచ్చాయి. రాగి సర్క్యూట్ బోర్డులు చెక్కడానికి ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు వాడే ఫెర్రిక్ క్లోరైడే ఇక్కడా కావాలి, కాకపోతే తేమ బొత్తిగా ఉండకూడదు. దాన్ని గ్రాఫైట్‌తో పాటు గాజు గొట్టంలో వేసి, మూతి కరిగించి మూసేసి, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కాచాలి. క్లోరైడ్ ఆవిరై పొరల్లోకి చేరుతుంది. అది చేరిన చోట సందు 0.94 నానోమీటర్లకు, అంటే దాదాపు మూడింతలకు పెరుగుతుంది.

దూరడంలోనూ ఒక పద్ధతుంది. చిందరవందరగా అన్ని సందుల్లో తలా కాస్త చేరదు. రెండు పొరల్ని విడదీయడానికి శక్తి ఖర్చవుతుంది కాబట్టి, ఒకసారి తెరిచిన సందును నింపుకోవడమే లాభం. అందుకే అన్ని సందులూ నిండితే మొదటి దశ, ఒకటి విడిచి ఒకటి నిండితే రెండో దశ అని లెక్క.

అల్యూమినియం క్లోరైడ్ ఇంకా పేచీకోరు. తనంతట తాను లోపలికి పోదు, తోడుగా క్లోరిన్ వాయువు ఉండాలి. ఇలాంటి క్లోరైడ్లు లోపలికి రావాలంటే గ్రాఫైట్ కొన్ని ఎలక్ట్రాన్లను వదులుకోవాలి. వాటిని తీసుకునే పని క్లోరిన్‌ది. అయితే ఎలక్ట్రాన్లను లాగడానికి విషవాయువే ఎందుకు, కరెంటు తీగ చాలదా?

చాలుతుందని ఆమ్లం విషయంలో 1938 నాటికే తెలుసు. ఆ ఏడాది రూడార్ఫ్, హాఫ్‌మన్ గ్రాఫైట్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, పాజిటివ్ కొసకు కలిపి, ఆమ్లం దశలవారీగా లోపలికి వెళ్లడం గమనించారు. అన్ని సందులూ నిండాక గ్రాఫైట్ నీలం రంగుకు తిరుగుతుంది. తర్వాతి తరాలు ఇదే ఉపాయాన్ని క్లోరైడ్లకు వర్తింపజేశాయి. తగిన ద్రావణంలో గ్రాఫైట్‌ను ఆనోడ్‌గా ఉంచి కరెంటు ఇస్తే ఎలక్ట్రాన్లు తీగలోంచి బయటికి, ద్రావణంలోని లోహ క్లోరైడ్ అయాన్లు పొరల్లోకి పోతాయి. కొలిమి అక్కర్లేదు, గది వేడి చాలు. పారిన కరెంటును లెక్కగడితే ఎంత సరుకు లోపలికి వెళ్లిందో తెలుస్తుంది, వోల్టేజి మెట్లు చూస్తే ఏ దశలో ఉందో తెలుస్తుంది. గాజు గొట్టం పద్ధతికి ఈ వీలు ఎక్కడిది?

అసలు లాభం ఇంకొకటి. కరెంటును తిరగేస్తే దూరింది బయటికొస్తుంది. అంటే నిన్నటిదాకా తయారీ అనుకున్నది నిజానికి ఛార్జింగే! 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హాంగ్‌జీ డాయ్ బృందం ఒకపక్క అల్యూమినియం రేకు, మరోపక్క గ్రాఫైట్ నురుగు, మధ్యలో అల్యూమినియం క్లోరైడ్ కలిపిన అయానిక ద్రవం పెట్టి బ్యాటరీ చేసింది. ఒక అల్యూమినియానికి నాలుగు క్లోరిన్లు అతుక్కున్న అయాన్లు ఛార్జింగ్‌లో గ్రాఫైట్‌లోకి వెళ్తాయి, వాడుకలో బయటికొస్తాయి. వోల్టేజి 2 వోల్టుల దాకా, ఛార్జింగ్ ఒక్క నిమిషంలో. 7,000 సార్లకు పైగా నింపి ఖాళీ చేసినా సామర్థ్యం తగ్గలేదు.

ఇంత బాగుంటే మన ఫోన్లలో ఎందుకు లేదు? బరువు వల్ల. గ్రాఫైట్‌లోకి వెళ్లాల్సిన అయాన్లన్నీ ముందుగా ద్రవంలోనే నిల్వ ఉండాలి, కాబట్టి ద్రవం బాగా పట్టాలి. దాంతో కిలోకు దక్కేది సుమారు 40 వాట్-అవర్లు, మన ఇంటి ఇన్వర్టర్ కింది లెడ్-యాసిడ్ బ్యాటరీ స్థాయి. పైగా ఆ ద్రవానికి తేమ గిట్టదు, లోహాన్ని తినేసే గుణమూ ఉంది. కాబట్టి జేబులో పెట్టుకునే వస్తువుకు ఇది పనికిరాదు. సోలార్ పలకల పక్కన కదలకుండా కూర్చుని, వేగంగా నిండి, ఏళ్ల తరబడి పనిచేయాల్సిన చోట మాత్రం దీన్ని తీసిపారేయలేం.